ఆటలో ఇంజన్ మొరాయించదు

120 మైళ్ల ఎత్తు. సెకనుకు మైలు చొప్పున చంద్రుని మీదికి నిట్టనిలువునా పడుతున్న వాహనం. ట్యాంకులో 16 వేల పౌండ్ల ఇంధనం. పది సెకన్లకోసారి టెలిటైప్ యంత్రం టకటకమంటూ కాగితం మీద ఒక వరుస కొడుతుంది: ఎంతసేపైంది, ఎంత ఎత్తున ఉన్నావు, ఎంత వేగంగా పడుతున్నావు, ఇంధనం ఎంత మిగిలింది. వరుస చివర ఆగి అడుగుతుంది, ఇప్పుడు సెకనుకు ఎన్ని పౌండ్లు మండించమంటావని. సున్నా అనొచ్చు, లేదంటే 8 నుంచి 200 దాకా ఎంతైనా చెప్పొచ్చు. తెర లేదు, బొమ్మ లేదు. అంకె తప్పిందా, చంద్రుని మీద ఇంకో గుంట పడుతుంది. ఎంత లోతు గుంటో కూడా ఆ యంత్రమే లెక్కగట్టి చెబుతుంది.

1969 చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లెక్సింగ్టన్ హైస్కూల్లో చదువుతున్న జిమ్ స్టోరర్ అనే కుర్రాడు బడిలోని పీడీపీ-8 కంప్యూటర్ మీద, ఫోకల్ అనే భాషలో రాసిన ఆట ఇది. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుని మీద కాలుపెట్టి అప్పటికి కొన్ని నెలలే. కుర్రాడు లెక్కలో మాత్రం కక్కుర్తి పడలేదు. ఇంధనం తగ్గేకొద్దీ వాహనం తేలికవుతుంది, తేలికయ్యేకొద్దీ అదే మంట దాన్ని ఇంకా గట్టిగా ఆపుతుంది. త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన ఆ రాకెట్ సమీకరణాన్ని చిన్న కంప్యూటర్‌కు మింగుడుపడేలా శ్రేణిగా విడగొట్టి వాడుకున్నాడు. డేవిడ్ ఆల్ దాన్ని బేసిక్ భాషలోకి మార్చి 1973లో తన ఆటల పుస్తకంలో వేశాక, కంప్యూటర్ ఉన్న ప్రతిచోటా చంద్రుని మీద గుంటలు పడటం మొదలైంది.

ఆ తర్వాత పుట్టిన అంతరిక్ష ఆటలన్నిటికీ జాతకం ఇక్కడే రాసిపెట్టినట్టు కనిపిస్తుంది నాకు. గురుత్వాకర్షణ దగ్గర నిజాయితీ, యంత్రం దగ్గర మొహమాటం.

స్టోరర్ ఆటలో వాహనం నేరుగా కిందికి పడుతుంది. నిజం వాహనం పడదు, చంద్రుని చుట్టూ అడ్డంగా పరుగెడుతూ ఉంటుంది. చంద్రయాన్-3 దిగడం మొదలుపెట్టినప్పుడు ఎత్తు 30 కిలోమీటర్లే, అడ్డంగా వేగం మాత్రం సెకనుకు 1.68 కిలోమీటర్లు. దిగే పనిలో ఎక్కువ భాగం ఆ పరుగును ఆపడమే. బొమ్మలతో వచ్చిన ఆటలో ఈ అడ్డం వేగం కూడా చేరింది. 1973లో జాక్ బర్నెస్ డెక్ కంపెనీ కోసం గీతల బొమ్మలతో మూన్‌ల్యాండర్ రాశాడు. సరైన చోట దిగితే చంద్రుని మీద ఒక మెక్‌డొనాల్డ్స్ హోటల్ కనిపిస్తుంది, వ్యోమగామి నడిచి వెళ్లి బర్గర్ కొనుక్కుంటాడు. 1979లో అటారీ లూనార్ ల్యాండర్‌ను నాణెం వేసి ఆడే పెట్టెగా తెచ్చింది. ఇంధనం అయిపోవస్తే ఇంకో నాణెం వేయొచ్చు, మరికొంత ఇంధనం వస్తుంది. అంతరిక్ష శాఖ బడ్జెట్ రాసేవాళ్లకు కలలో కూడా దొరకని సదుపాయం.

ఇంతకీ నిజం సిమ్యులేటర్ ఏం చేస్తుంది? దాని పుట్టుక కూడా వినోదంలోనే. న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ అనే యువకుడికి తండ్రి నడిపే ఆర్గాన్ వాయిద్యాల ఫ్యాక్టరీ ఉంది. 1929లో అక్కడి గాలితిత్తులతో, పంపులతో నేల మీదే ఊగే, ఒరిగే బుల్లి విమానం చేశాడు. మొదట దాన్ని కొన్నది ఎక్కువగా వినోదపు పార్కులవాళ్లే. 1934లో అమెరికా సైన్యం టపా విమానాలు నడపబోయి చీకట్లో, మంచులో వరసగా పైలట్లను పోగొట్టుకున్నాక దానికి గౌరవం వచ్చింది, సైన్యం ఆరు కొంది. మూడు దశాబ్దాల తర్వాత అపోలో సిమ్యులేటర్లు కట్టింది కూడా లింక్ పేరు మీద నడుస్తున్న సంస్థే. కిటికీల చుట్టూ అద్దాలూ తెరలూ ఉన్న పెట్టెలు అడ్డదిడ్డంగా పొడుచుకొచ్చిన ఆ యంత్రాన్ని చూసి వ్యోమగామి జాన్ యంగ్ రైలు ప్రమాదంతో పోల్చాడు.

చూడటానికి ఎలా ఉన్నా, దాని వెనకాల కూర్చున్న మనుషుల పని చెడగొట్టడం. హ్యూస్టన్‌లో డిక్ కూస్ బృందానికి జీతమిచ్చిందే అందుకు. ఏ గొట్టం పగలాలి, ఏ మీటర్ అబద్ధం చెప్పాలి, ఏ క్షణంలో రేడియో పోవాలి అని ముందే రాసుకుని, ఎదురు గదిలోని ఇంజనీర్ల మీదికి వదిలేవారు. 1969 జులై 5న, అపోలో-11 ఎగరడానికి ఇంకా పదకొండు రోజులుందనగా, నమూనా ల్యాండింగ్ మధ్యలో కంప్యూటర్ మీద 1201 అనే అలారం మోగించారు. గైడెన్స్ చూసే 26 ఏళ్ల స్టీవ్ బేల్స్‌కు అదేమిటో తెలియలేదు. వెనక్కి తిరగమన్నాడు. తర్వాత విచారణలో తేలింది, తిరగాల్సిన అవసరం లేదని. కంప్యూటర్‌కు పని ఎక్కువైంది, ముఖ్యం కానివి వదిలేసి ముఖ్యమైనవి చేసుకుపోతోంది, అంతే. వెంటనే జాక్ గార్మన్ అనే 24 ఏళ్ల ఇంజనీర్ అలారాలన్నిటికీ ఏం చేయాలో చేత్తో జాబితా రాసుకుని దగ్గర పెట్టుకున్నాడు. జులై 20న నిజం చంద్రుని మీదికి నిజం వాహనం దిగుతుంటే 1202 మోగింది. గార్మన్ చెప్పాడు, బేల్స్ ముందుకు పొమ్మన్నాడు.

పెట్టెలో కూర్చుని నేర్చుకోలేనిదొకటి ఉంది, కాళ్ల కింద మంట మీద వాహనాన్ని నిలబెట్టడం. దానికోసం నాసా ఇనుప మంచానికి జెట్ ఇంజన్ తగిలించినట్టుండే యంత్రం ఒకటి చేయించింది. ఆ జెట్ యంత్రం బరువులో ఆరింట అయిదు వంతులు మోస్తుంది, మిగిలిన వంతు చంద్రుని మీది బరువుతో సమానం. 1968 మే 6న ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని నడుపుతుండగా దిశ తిప్పే చిన్న రాకెట్లు పనిచేయడం మానేశాయి. యంత్రం పక్కకు ఒరిగింది. 60 మీటర్ల ఎత్తున ఆయన సీటుతో సహా బయటికి ఎగిరి పారాచూట్‌తో దిగాడు. కింద యంత్రం మండిపోయింది. ఇంత నిజమైన సిమ్యులేటర్ ఏ ఆటల దుకాణంలోనూ దొరకదు, దొరకకపోవడమే మంచిది.

ఇక ఈ తరం ఆట. మెక్సికో సిటీలో స్క్వాడ్ అనే సంస్థలో పనిచేస్తున్న ఫెలిపె ఫలాంజి 2011 జూన్‌లో కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం తొలి రూపాన్ని విడుదల చేశాడు. ఆకుపచ్చ బుల్లి మనుషులు, డబ్బాల్లాంటి రాకెట్లు. చూస్తే పిల్లల ఆటే. లోపల న్యూటన్ కూర్చున్నాడు. పేర్చిన రాకెట్ బరువు, తోపు, గాలి ఒత్తిడి అన్నీ లెక్కలోకి వస్తాయి, లెక్క తప్పితే పేలుతుంది.

మొహమాటం ఎక్కడుందంటే గ్రహంలో. కెర్బిన్ అనే వాళ్ల భూమి వ్యాసార్ధం 600 కిలోమీటర్లే, మన భూమిలో పదో వంతుకన్నా తక్కువ. నేల మీద గురుత్వం మాత్రం మనకున్నంతే. దానివల్ల కక్ష్యలో తిరగడానికి అక్కడ సెకనుకు 2.3 కిలోమీటర్లు చాలు, మనకు 7.8 కావాలి. దారిలో గాలికీ గురుత్వానికీ పోయేది కూడా కలుపుకుంటే అక్కడ 3.4, ఇక్కడ సుమారు 9.4. మూడు రెట్లే కదా అనిపిస్తుంది. కానీ రాకెట్ సమీకరణం కూడికలు ఎరగదు, హెచ్చవేతలే దానికి తెలుసు. ఇంజన్ నుంచి వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే, కెర్బిన్ నుంచి లేచిన బరువులో మూడో వంతు కక్ష్యకు చేరుతుంది. భూమి నుంచి అయితే ఇరవై మూడో వంతు. అందులోనే ఖాళీ ట్యాంకులూ ఇంజన్లూ పోను మిగిలిందే ఉపగ్రహం. శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకెళ్లిన రాకెట్ బరువు 642 టన్నులు, చంద్రయాన్ 3.9 టన్నులు. ఆటలో ఈ నిష్పత్తి పెడితే సాయంత్రం కూర్చున్నవాడు విసుగొచ్చి లేచిపోతాడు.

కెర్బల్ నేర్పేది ఇంకొకటుంది, నాసా పైలట్లకే ఒకప్పుడు చేతకానిది. 1965 జూన్ 3న జెమిని-4 కక్ష్యలోకి చేరగానే జిమ్ మెక్‌డివిట్ తమను మోసుకొచ్చిన టైటాన్ రాకెట్ రెండో దశ పక్కకు చేరాలనుకున్నాడు. కనిపిస్తూనే ఉంది. దాని వైపు తిరిగి ఇంజన్ కొట్టాడు. అది ఇంకా దూరం జరిగింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ జరిగింది. రోడ్డు మీద ముందు బండిని అందుకోవాలంటే యాక్సిలరేటర్ తొక్కుతాం, కక్ష్యలో తొక్కితే వాహనం పైకి లేస్తుంది, పై కక్ష్యలో చుట్టు పెద్దది, నడక నెమ్మది, దాంతో వెనకబడుతుంది. అందుకోవాలంటే బ్రేకు వేసి కిందికి దిగాలి. ఈ సంగతిని బజ్ ఆల్డ్రిన్ అప్పటికి రెండేళ్ల ముందే ఎంఐటీలో పరిశోధనగా రాసిపెట్టాడు. మెక్‌డివిట్ చేతులు విమానం పైలట్ చేతులు, అవి వినలేదు. ఇంధనం దాదాపు సగం అయ్యాక వదిలేశారు. అదే ఏడాది డిసెంబరులో జెమిని-6, జెమిని-7 అడుగు దూరంలోకి వచ్చి నిలిచాయి. కెర్బల్ ఆడే పిల్లలు మొదటిసారి రెండు వాహనాలు కలపబోయి ఈ మెక్‌డివిట్ తప్పే చేస్తారు. తర్వాత వాళ్ల వేళ్లకు ఆల్డ్రిన్ అర్థమవుతాడు.

మంగళయాన్ కథ కూడా ఆడేవాళ్లకు తెలిసినట్టే ఉంటుంది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మీద లేచిన ఆ నౌక బరువు 1,337 కిలోలు, ఇంజన్ తోపు 440 న్యూటన్లు, అంటే నేల మీద 45 కిలోల బస్తాను ఎత్తేంత. ఆ బలంతో ఒక్కసారిగా అంగారకుడి దారి పట్టడం కుదరదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా, వేగం ఎక్కువగా ఉన్న చోట, కొంచెం కొంచెం మండించి కక్ష్యను సాగదీస్తూ పోవాలి. చిన్న ఇంజన్ పెట్టుకుని దూరం వెళ్లాలనుకున్న కెర్బల్ ఆటగాడు చేసేదీ ఇదే. తేడా నవంబరు 11న వచ్చింది. ఆ రోజు వేగం సెకనుకు 130 మీటర్లు పెరగాలి, 35 పెరిగింది. ఇంధనం కవాటాన్ని తెరిచే తీగచుట్టలు రెండున్నాయి, ఒకటి పోతే ఇంకొకటి. రెండూ కలిపి పనిచేస్తాయా అని పరీక్షిస్తే ఇంజన్‌కు ఇంధనం ఆగిపోయింది. మర్నాడు మిగతాది పూర్తిచేశారు. డిసెంబరు 1న అంగారకుడి వైపు మళ్లించాక ఆ ఇంజన్ దాదాపు 300 రోజులు నిద్రపోయింది. మళ్లీ లేస్తుందా అన్నది ఇస్రోకు దడ. 2014 సెప్టెంబరు 22న నాలుగు సెకన్లు వెలిగించి చూశారు, వెలిగింది. ఆటలో కాలాన్ని లక్ష రెట్లు తరిమితే ఆ 300 రోజులూ నాలుగైదు నిమిషాల్లో అయిపోతాయి. నొక్కగానే ఇంజన్ అంటుకుంటుంది, ఎన్నిసార్లు నొక్కినా సరే. గుండె దడ అనే భాగం ఆటలో లేదు.

ఆకర్షణ దగ్గర నిజాయితీ అన్నానుగానీ, అక్కడా ఓ మూల కోత ఉంది. కెర్బల్‌లో వాహనాన్ని ఒక్కసారి ఒక్క గోళమే లాగుతుంది. గ్రహం పరిధి దాటితే దాని లాగుడు పూర్తిగా తెగిపోయి ఇంకొకదాని లాగుడు మొదలవుతుంది. సూర్యుడూ భూమీ ఇద్దరూ కలిసి పట్టుకుంటేనే ఆదిత్య-ఎల్1 ఇప్పుడున్న చోటు ఉంటుంది. మామూలు కెర్బల్‌లో ఆ చోటే లేదు. అలాగే ఆటలో కక్ష్య ఎప్పటికీ చెరగదు. అపోలో-16 వాళ్లు 1972లో చంద్రుని చుట్టూ వదిలిన చిన్న ఉపగ్రహాన్ని, చంద్రుని లోపలి బరువు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉండటంతో, ఆ ఎగుడుదిగుడు లాగుడే 35 రోజుల్లో నేలకు కొట్టింది.

తప్పు చేస్తే ఎఫ్9 నొక్కొచ్చు, ఆట వెనక్కి వెళుతుంది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ కూలింది. అయిదు ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోశాయి, ఆ తేడాలు పోగుపడ్డాయి, సరిచేసుకోవడానికి వాహనం గబగబా తిరగాల్సి వస్తే అంత వేగంగా తిరగనివ్వని పరిమితి అడ్డొచ్చింది, దిగాల్సిన చోటేమో అర కిలోమీటరు చదరం. ఇస్రో దిగే చోటును పొడవు 4 కిలోమీటర్లకు పెంచింది, మధ్య ఇంజన్ తీసేసింది, ఏది చెడొచ్చో ఆలోచించి ఆ చెడుకు తగ్గట్టు వాహనాన్ని మళ్లీ కట్టింది. డిక్ కూస్ బృందం చేసిన పనే, వేరే చోట. ఇస్రో ఎఫ్9 నొక్కి లేవడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది: 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది.

నిజానికి ఇంకా దగ్గరగా పోవాలనుకునేవాళ్లకు ఆర్బిటర్ ఉంది. లండన్‌లో మార్టిన్ ష్వైగర్ 2000లో మొదలుపెట్టిన ఉచిత సిమ్యులేటర్ అది. దానికి తగిలించే నాస్ప్ అనే భాగంలో అపోలో కంప్యూటర్ అసలు ప్రోగ్రామే నడుస్తుంది. చంద్రుని మీద దిగాలంటే అప్పటి నాసా చెక్‌లిస్టులు పక్కన పెట్టుకుని స్విచ్ తర్వాత స్విచ్ వేయాలి.

కానీ అసలు ప్రోగ్రామ్ అంటే సరైన ప్రోగ్రామ్ అని కాదు. 2024లో ఒక ప్రోగ్రామర్ స్టోరర్ పాత ఆటలో అతి తక్కువ ఇంధనంతో దిగే పద్ధతి వెతుకుతుంటే ఎక్కడో లెక్క కుదరలేదు. చూస్తే, నేల తాకే క్షణాన్ని కట్టే సూత్రంలో రెండుతో భాగించాల్సిన చోట భాగించలేదు. 55 ఏళ్లు ఎవరూ చూడలేదు. ఆ కుర్రాడి బడికి కొద్ది మైళ్ల దూరంలో, కేంబ్రిడ్జిలోని ఎంఐటీ ప్రయోగశాలలో డాన్ ఐల్స్ నిజం వాహనం దిగే ప్రోగ్రామ్ రాశాడు. థ్రోటిల్ తిప్పాక ఇంజన్ స్పందించడానికి 0.3 సెకన్లు పడుతుందని దస్తావేజుల్లో ఉంది. అంత సర్దుబాటు అక్కర్లేదనిపించి ఐల్స్ 0.2కే లెక్కకట్టి పెట్టాడు. అపోలో-11, 12 దిగాక రికార్డులు చూస్తే ఇంజన్ తోపు ఉన్నట్టుండి హెచ్చుతూ తగ్గుతూ ఊగింది. తవ్వితే తెలిసింది, ఈలోగా ఇంజన్‌ను మెరుగుపరిచారు, అది 0.075 సెకన్లలోనే స్పందిస్తోంది, కాగితం మాత్రం ఎవరూ మార్చలేదు. ఐల్స్ ఆ కాగితాన్ని నమ్మి 0.3 పెట్టి ఉంటే ఊగడం అదుపు తప్పేది, ఆర్మ్‌స్ట్రాంగ్ దిగకుండానే వెనక్కి తిరగాల్సి వచ్చేది.