మృతుల సొమ్ము



పాతిపెట్టిన ధనముపై ఆశ మన గ్రామములకు క్రొత్త కాదు. లంకెబిందె లున్నవని యెవరో చెప్పగా, పాడుపడిన గుడిలో నందిని పెకలించిన వార్తలు మీరును వినియుందురు. అట్టి యాశను చూపిన యొక చలనచిత్రమును గూర్చి నేడు మనవి చేసెదను. అది 1932 లో అమెరికాలో వెలువడిన ‘ది మమ్మీ’. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్. మమ్మీ యనగా ఈజిప్టు పూర్వులు మందులు పూసి, గుడ్డలు చుట్టి భద్రపరచిన శవము.

అంతకు పదేండ్లు ముందు, 1922 లో, హోవర్డు కార్టరు టుటంఖామన్ రాజు సమాధిని కనుగొనెను. త్రవ్వకములకు ధనమిచ్చిన కార్నార్వన్ ప్రభువు 1923 లో మరణింపగా, పత్రికలు దానిని శాపమని చాటినవి. నిజమునకు దోమకాటు పుండై, రక్తము విషమై, ఆయన కాలధర్మము నొందెను. కార్టరు 1939 వరకు జీవించెను.

చిత్రమున, శాపము వ్రాసియున్న పెట్టెను తెరువవలదని పెద్దవా డొకడు వారించును. పడుచువా డొకడు ఆత్రము పట్టలేక తెరచి, అందలి మంత్రమును చదువును. ప్రాచీనార్చకుని శవము లేచిపోవును. చదివినవానికి మతి చలించును. పదేండ్లకు ఆ యర్చకుడే మారుపేరుతో వచ్చి, తాను వలచిన రాకుమారి సమాధిని చూపును. తమ మృతులను త్రవ్వు ననుమతి స్వదేశీయులకు లేదనియు, పరదేశపు ప్రదర్శనశాలలకే కలదనియు ఎత్తిపొడుచును.

నా మనస్సున నాటినది వేరొకటి. త్రవ్వించిన యువకుడు, రాకుమారి వస్త్రములను తాకి, కట్లు విప్పి, ఆమెపై మోహపడితినని హెలెన్ అను యువతితో చెప్పును. వలచుటకు పిల్ల కావలెనన్న సమాధులు త్రవ్వవలెనా యని ఆమె పరిహసించును. ఆ హెలెన్ యందే రాకుమారి యాత్మ కలదు. ఆమెను చంపి, మరల బ్రతికించి, తనదానిని చేసికొన అర్చకుడు యత్నించును. ఒకనిది విద్యాభిలాష, ఒకనిది ప్రేమ. ఆమె సమ్మతి నడిగినవాడు లేడు. తుదకు ఆమెయే, తాను జీవింపగోరుచున్నానని చెప్పి, ఐసిస్ దేవిని వేడుకొని రక్షణ పొందును.

హైదరాబాదు ప్రదర్శనశాలలో, నిజాము కాలమున కొనితెచ్చిన ఈజిప్టు యువతి శవము గాజుపెట్టెలో నున్నది. దానియెదుట నిలిచినపుడు నాకు తోచిన ప్రశ్నయు నదియే: ఆమె నెవరడిగిరి?

త్రవ్వుట యెల్ల పాపమని నే ననను. త్రవ్వకములు లేనిచో నాగార్జునకొండ వైభవము మన కింతగా తెలియకుండెడిది. దొరికిన ప్రతివస్తువును, దాని చోటును వ్రాసియుంచువాడు చరిత్రను నిలుపును. మూటగట్టుకొని పోవువాడు చెరచును. పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. శాపమును నమ్మినను, నమ్మకున్నను, మీ యూరి పాతగుడి వద్ద రాత్రి గునపపు చప్పుడు వినబడినచో, పెద్దలు మీరు పోయి ఆపవలెనని నా ప్రార్థన.