పాత కోడు, కొత్త సాయం

వైటూకే పుణ్యమా అని 1998, 99లలో విమానం ఎక్కి అమెరికా వచ్చిన తెలుగువాళ్ళు ఎందరో! అప్పట్లో వాళ్ళ పని, ఎప్పుడో ఎవరో రాసి వెళ్ళిపోయిన కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలు ఎక్కడున్నాయో వెతికి సరిచెయ్యటం. ఆ తరవాత వాళ్ళూ, వాళ్ళ వెనకాల వచ్చినవాళ్ళూ పీహెచ్‌పీలో, ఏఎస్పీలో, స్ట్రట్స్‌లో బోలెడన్ని వెబ్ అప్లికేషన్లు రాశారు. ఇప్పుడు వాటికీ పాతికేళ్ళు నిండుతున్నాయి. రాసినవాళ్ళు ఉద్యోగాలు మారిపోయారు, డాక్యుమెంట్లు ఎప్పట్లాగే లేవు, బిల్లింగ్ మాత్రం రోజూ నడవాలి. దాన్ని కొత్త వర్షనుకి మార్చమని మేనేజరు అంటాడు. "ఏఐ ఉందిగా, రెండు వారాలు చాలదూ?" అని కూడా అంటాడు.

చాలుతుందా లేదా అన్నది ఒక్క ఉదాహరణ పట్టుకుని చూద్దాం. పీహెచ్‌పీ 5లో రాసిన అప్లికేషన్ని పీహెచ్‌పీ 8కి తేవాలి. 5.6కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2018 చివరితోనే ఆగిపోయాయి. అప్పట్లో అందరూ వాడిన మైఎస్క్యూఎల్_క్వెరీ తరహా ఫంక్షన్లని 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. కాబట్టి ముందుగా వాటన్నిటినీ పీడీవోకి మార్చాలి.

ఇది ఏఐకి మంచినీళ్ళ ప్రాయం. మూడు వేల లైన్ల ఫైలుని చదివి ఏ టేబుల్ని ఎక్కడ ముట్టుకుంటోందో జాబితా రాసివ్వటంలో దానికి సాటి లేదు. మనం రెండ్రోజులు తల పట్టుకునే పని అది. కానీ నాలుగు వందల ఫైళ్ళని ఒక్కొక్కటిగా దాని చేత దిద్దించకండి. రెండు వందల పదిహేడో ఫైలులో దానికి వేరే ఆలోచన వచ్చినా మీకు కనపడదు. రెక్టర్ లాంటి పనిముట్టుకి నియమాలు రాసిపెట్టమనండి. మీరు ఆ నియమాలని చదవండి, మార్చే పని ఆ పనిముట్టు చేస్తుంది. ఒకే నియమం అన్ని ఫైళ్ళకీ ఒకేలా వర్తిస్తుంది.

చిక్కంతా ఎర్రర్ రాని చోట్ల ఉంటుంది. మొత్తం ఎంతో రాయమనే గడి ఒకటి ఫారంలో ఉందనుకోండి. అది సున్నా అయితే ఆపెయ్యమని పాత కోడులో == 0 అని రాసుంటారు. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే వచ్చేది ఖాళీ స్ట్రింగు. పీహెచ్‌పీ 7 వరకూ ఖాళీ స్ట్రింగూ సున్నా సమానమే, కాబట్టి ఆపేసేది. 2020 నవంబరులో వచ్చిన 8.0 నుంచి సమానం కాదు. ఖాళీ గడి తనిఖీ దాటి లోపలికి పోతుంది. సింటాక్సులో తప్పు లేదు, లాగులో ఏమీ ఉండదు. ఏఐకి ఈ మార్పు సంగతి బాగా తెలుసు, అడిగితే చక్కగా వివరిస్తుంది కూడా. అడక్కపోతే మాత్రం, "అంతా 8కి సిద్ధం" అని ఉత్సాహంగా చెప్పేయగలదు.

ఇంతకన్నా తమాషా అయినది స్ట్రిప్‌స్లాషెస్. పాత అప్లికేషన్లలో పేరు చూపించే ప్రతిచోటా ఈ ఫంక్షన్ కనపడుతుంది. ఏఐ దాన్ని చూసి, ఇప్పుడు దీని అవసరం లేదు, తీసేద్దామంటుంది. చూడ్డానికి సబబైన మాటే. అది అక్కడికి ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ అని ఉండేది. ఫారంలో వచ్చిన ప్రతి అపాస్ట్రఫీ ముందూ తనంతట తానే ఒక వెనక గీత చేర్చేది. పాపం, కొత్తవాళ్ళని ఎస్క్యూఎల్ ఇంజెక్షన్ నుంచి కాపాడదామని పెట్టారు. అది చాలదన్నట్టు ప్రోగ్రామరు తానూ ఎస్కేప్ చేస్తే, ఓ'బ్రయన్ గారి పేరు డేటాబేసులోనే వెనక గీతతో సహా కూర్చునేది. దాన్ని కప్పిపెట్టటానికే స్ట్రిప్‌స్లాషెస్. మ్యాజిక్ కోట్స్‌ని 2012లో 5.4లో తీసేశారు, కానీ అంతకు ముందు చేరిన వరసలు అలాగే ఉన్నాయి. అంటే ఆ ఫంక్షన్ ఎందుకుందన్న జవాబు కోడులో లేదు, డేటాలో ఉంది. ఏఐ చూస్తున్నది కోడుని మాత్రమే.

అందుకని ఏదైనా తీసేసే ముందు, "ఇది ఏ డేటా ఉంటే అవసరమవుతుంది? ఆ డేటా ఉందో లేదో చెప్పే క్వెరీ రాసివ్వు" అని అడగండి. ఆ క్వెరీని మీరు నడపండి. లెక్క సున్నా వస్తే తీసెయ్యండి. నా దృష్టిలో ఏఐని అడగదగ్గ ప్రశ్నల్లో ఇదే అన్నిటికన్నా విలువైనది.

మన భాషకి సంబంధించిన చిక్కు ఇంకొకటుంది. విదేశాల్లో తెలుగు సంఘాల సైట్లు, చందాదారుల జాబితాలు చూసుకునేవారు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. మైఎస్క్యూఎల్‌లో 8.0 వచ్చిన 2018 దాకా డిఫాల్టు లాటిన్1. పాత సైట్లు యూటీఎఫ్-8లో రాసిన తెలుగుని ఆ లాటిన్1 టేబుళ్ళలోనే పెట్టేవి, అదే దారిన బయటికి తీసేవి. రెండు తప్పులూ కలిసి ఒప్పయ్యేవి! ఇప్పుడు ఏఐ పద్ధతిగా యూటీఎఫ్8ఎంబీ4 అని కనెక్షన్ రాస్తుంది, తప్పేం లేదు. పేజీ తెరిస్తే ప్రతి తెలుగు అక్షరం చోటా నెత్తిన గీతున్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో. కంగారుపడి టేబుల్ని నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కి కన్వర్ట్ చేస్తే ఆ చెత్తే శాశ్వతంగా స్థిరపడుతుంది. ముందు ఆ కాలమ్‌ని బ్లాబ్‌గా, తరవాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్టుగా మార్చాలి. బైట్లు కదలవు, వాటి మీద చీటీ మాత్రం మారుతుంది. అయితే మధ్యలో ఎవరైనా సరైన కనెక్షన్‌తో కొత్త వరసలు చేర్చి ఉంటే అవి వేరు, ఇవి వేరు. కలిపి మార్చకూడదు.

యూటీఎఫ్-8లో తెలుగు కోడు ఒక్కొక్కదానికి మూడు బైట్లు. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ వేరువేరుగా లెక్క. లక్ష్మీనరసింహశాస్త్రి అన్న పేరుకి 21 కోడ్లు, 63 బైట్లు. లాటిన్1లో వార్‌కార్ 50 అని పెట్టిన కాలమ్‌లో శాస్త్రిగారు "శాస" దగ్గరే తెగిపోయి, తరవాతి కోడులో రెండు బైట్లు వేళ్ళాడుతూ ఉంటాయి. టేబుల్ మార్చేటప్పుడు ఆ వరస దగ్గర ఎర్రర్ వచ్చి ఆగుతుంది. ఆ పేరు తిరిగి రాదు, ఆయన్నే అడగాలి.

ఇవన్నీ ముందే ఊహించలేం కదా అంటారా? ఊహించక్కర్లేదు. 2004లో మైకేల్ ఫెదర్స్ పాత కోడు మీద రాసిన పుస్తకంలో ఒక ఉపాయం ఉంది. కోడు ఏం చెయ్యాలో కాకుండా, ఇవాళ ఏం చేస్తోందో దాన్ని టెస్టుగా రాసిపెట్టుకోవటం. పాత అప్లికేషన్‌కీ కొత్తదానికీ ఒకే ఇన్‌పుట్లు ఇచ్చి, వచ్చిన పేజీల్ని పోల్చి చూడాలి. ఇలాంటి టెస్టులు రాయటం విసుగు పుట్టించే పని, అందుకే ఎవరూ రాయలేదు. ఏఐకి విసుగు లేదు. మార్పులు మొదలుపెట్టకముందే వాటిని రాయించండి. ఖాళీ గడులు, అపాస్ట్రఫీలు, తెలుగు పేర్లు తప్పకుండా ఉండేలా చూడండి. తరవాత టెస్టు ఫెయిలయితే టెస్టునే మార్చేసే చనువు మాత్రం దానికివ్వకండి.

ఇక రెండు వారాల సంగతి. 2025 జూలైలో మెటర్ అనే పరిశోధనా సంస్థ ఒక అధ్యయనం ప్రచురించింది. తమకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో 16 మంది అనుభవజ్ఞులు 246 పనులు చేశారు. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్ళు మాత్రం 20 శాతం తొందరగా అయిందనుకున్నారు! ఆ 16 మందితో అందరికీ లెక్క కట్టలేం, పనిముట్లూ అప్పటినుంచీ మారుతూనే ఉన్నాయి. కానీ మేనేజరుకి గడువు చెప్పేటప్పుడు మీ మనసుకి తోచిన వేగాన్ని నమ్మకండి. మొదటి పది ఫైళ్ళకి గడియారం పెట్టి కొలిచి, పరీక్షించటానికి పట్టిన సమయం కూడా కలిపి, అప్పుడు చెప్పండి.

అన్నట్టు, మొదలుపెట్టేముందు క్లయింటుతో ఉన్న కాంట్రాక్టు ఒకసారి చదవండి. కోడు బయటి సర్వరుకి పంపవచ్చో లేదో అందులో ఉండవచ్చు, లేకపోతే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పాత అప్లికేషన్లలో డేటాబేసు పాస్‌వర్డు కాన్ఫిగ్ ఫైలులో పచ్చిగా రాసి ఉండటం మామూలే. ఆ ఫోల్డర్ని ఏఐకి చూపించేముందు దాన్ని తీసేసి, పాస్‌వర్డు కూడా మార్చండి. దానికి ప్రొడక్షన్ డేటాబేసు తాళం అసలు ఇవ్వకండి. కాపీ తీసి, అందులో పేర్లూ నంబర్లూ మార్చి, దాని మీద పని చేయించండి.