ఎదురెండలో ఎంతందం!

ఎండకు ఎదురుగా ఫొటో తీయొద్దంటారు పెద్దలు. మొహాలు నల్లగా పడతాయన్నది నిజమే కానీ, చెట్ల సంగతి వేరు. హైదరాబాద్‌ కేబీఆర్‌ పార్కుకి సాయంత్రం నడకకు వెళ్లేవాళ్లు ఓసారి ఆగి పడమటి వైపు చూస్తే సరి. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ అడవిలో, రోజూ చూసే చెట్టే పొద్దు వాలేవేళ కొత్తగా కనిపిస్తుంది.

ఆకు పలచన. వెనక నుంచి పడే వెలుగులోని ఎరుపునీ నీలాన్నీ పత్రహరితం చాలావరకు పీల్చేసుకుంటుంది, పచ్చదనం ఇవతలికొస్తుంది. అందుకే ఆకు దీపంలా వెలుగుతుంది, ఈనెలు లెక్కపెట్టొచ్చు. మాను మాత్రం నల్లటి నీడబొమ్మే!

ఫోన్లో తీసేటప్పుడు ఆకాశం మీద వేలు తాకిస్తే కొమ్మలు నల్లగీతలవుతాయి. ఆకు మీద తాకిస్తే పచ్చదనం నిలిచి, ఆకాశం పాలిపోతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. సూర్యుణ్ని మాను చాటున ఉంచుకుంటే కంటికీ మంచిది, ఫొటోకీ మంచిది.

వ్యవధి మాత్రం తక్కువే. దిగంతాన్ని తాకిన సూర్యబింబం మన దగ్గర రెండున్నర నిమిషాల్లోపే మునిగిపోతుంది. నగరంలోనైతే అంతకుముందే మేడల చాటుకి వెళ్లిపోతుంది. ఫొటో కుదరకపోయినా ఫర్వాలేదు... మర్నాడు ఆ చెట్టును చూడకుండా దాటిపోలేరు.