ఎదిగిన బిడ్డకు క్షయ: ఇంటివారి కర్తవ్యము

పసిబిడ్డకు జబ్బు చేసినచో తల్లిదండ్రులు ఎత్తుకొని వైద్యునివద్దకు పోవుదురు. మందు తామే నోటిలో పోయుదురు. కాని ఇరువదియైదేండ్ల కుమారునకో, పెండ్లియైన కుమార్తెకో ఊపిరితిత్తుల జబ్బు వచ్చినదని తెలిసినపుడు వారికి ఏమి చేయుటకును తోచదు. మందు మింగవలసినది ఆ బిడ్డయే. నిర్ణయములు చేసికొనవలసినదియు ఆ బిడ్డయే. అయినను కడుపుతీపి ఊరకుండనీయదు. ఆ జబ్బు క్షయ అని తేలినచో దుఃఖమునకు తోడు భయము, భయమునకు తోడు సిగ్గు వచ్చి చేరును. ఈ మూడింటిలో దుఃఖము సహజము. తక్కిన రెండును చాలవరకు పాతకాలపు అనుభవముపై నిలిచినవి. ఆ తరువాత విజ్ఞానము ఎంత మారినదో తెలిసికొన్నచో, ఇంటిలో చేయదగినది ఏది, చేయరానిది ఏది అను సంగతి తేటపడును.

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదునకు చేరువనున్న ఝరాసంగం కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయమువలన పేరుపొందిన గ్రామము. ఈ ప్రాంతమున జొన్న, కంది, చెరకు పండించు కుటుంబములు అనేకము. ఇట్టి పల్లెలనుండి యువకులు జహీరాబాదునకో, హైదరాబాదునకో పనులకు పోవుట నేడు సాధారణము. నగరములో ఒక్క గదిలో నలుగురైదుగురు కలిసి నిద్రించుదురు. కిటికీ ఉండదు, లేదా తెరువరు. అట్టిచోట ఒకనికి క్షయ ఉన్నచో తక్కినవారికి సోకుట సులభము. కొన్నాళ్ళకు బిడ్డ చిక్కిపోయి, దగ్గుతో ఇల్లు చేరును. ఇట్టి కుటుంబము ఏమి చేయవలెనన్నదే ఈ వ్యాసమునకు విషయము.

భయమునకు మూలము

జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు 1882 మార్చి 24వ తేదీన ప్రకటించెను. క్షయ వంశపారంపర్యముగా వచ్చునది కాదనియు, అది అంటువ్యాధి అనియు దానితో రుజువయ్యెను. కాని శత్రువు తెలిసినను ఆయుధము దొరకుటకు మరి అరువదేండ్లు పట్టెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. 1952లో ఐసోనియజిడ్ వాడుకలోనికి వచ్చెను. అంతవరకు వైద్యులు ముఖ్యముగా ఆధారపడినవి మూడు: మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. అందుకొరకే శానిటోరియములు వెలసినవి. మదనపల్లెకు సమీపమున 1915లో ప్రారంభమైన శానిటోరియము ఉన్నచోటికి ఆరోగ్యవరమను పేరు నిలిచినది. ఝరాసంగమునకు దక్షిణముగా వికారాబాదువద్దనున్న అనంతగిరి కొండలమీద కూడ క్షయ చికిత్సాలయము ఏర్పడినది.

రోగిని కొండమీదికి పంపుట, నెలలు, ఏండ్లు ఎడబాటు, తిరిగివచ్చునో రాడోయను దిగులు: ఇవి మన తాతముత్తాతలు చూచినవి. ‘క్షయ’ అనగనే నేటికిని తల్లి గుండె జారుటకు కారణము ఆ జ్ఞాపకమే. మందులు లేని నాటి భయమది. మందులున్న నేటికి అది కొలమానము కాదు.

మదరాసులో జరిగిన పరీక్ష

మందులు వచ్చిన తరువాత ఒక ప్రశ్న మిగిలెను. నాడు మన దేశమున క్షయరోగులు లక్షలు, ఆసుపత్రి మంచములు కేవలము వేలు. రోగికి ఇంటివద్దనే మందిచ్చిన చాలునా? ఇంటిలోనుంచినచో భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు సోకదా? దీనిని తేల్చుటకు 1956లో మదరాసులో ఒక పరిశోధనాకేంద్రము స్థాపింపబడెను. భారత వైద్య పరిశోధనా మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి ఇందులో పాల్గొనినవి. పరిశోధనకు వాలెస్ ఫాక్స్ నాయకత్వము వహించెను. నేడు చెన్నైలోనున్న జాతీయ క్షయ పరిశోధనా సంస్థ ఆ కేంద్రమే.

నగరములోని పేదరోగులు 193 మందిని తీసికొని, చీటీలు వేసినట్లుగా రెండు జట్లు చేసిరి. ఒక జట్టును శానిటోరియములో ఉంచిరి. రెండవ జట్టు ఇంటివద్దనే ఉండెను. ఇరువురకును ఒకే మందులు, ఏడాదిపాటు. శానిటోరియములో గాలివెలుతురులు, మంచి భోజనము, విశ్రాంతి, దాదుల సేవ ఉండెను. ఇండ్లలోనో ఇరుకు, కొరత తిండి. కొందరు పనికి కూడ పోవలసివచ్చెను. ఏడాది చివర చూడగా రెండు జట్లలోను వ్యాధి నెమ్మదించినవారి సంఖ్య ఇంచుమించు సమానముగా ఉండెను. అంతకంటె ముఖ్యమైనది రెండవ ఫలితము. కుటుంబసభ్యులను అయిదేండ్లు గమనింపగా, రోగి ఇంటిలో ఉండి చికిత్స పొందిన కుటుంబములలో వ్యాధి ఎక్కువగా వచ్చినట్లు కనబడలేదు. సోకవలసినది చాలవరకు చికిత్సకు ముందే, అనగా జబ్బు ఏమో తెలియక దగ్గుచున్న దినములలోనే, సోకియుండెను.

ఈ ఫలితము ప్రపంచమంతట క్షయచికిత్స తీరునే మార్చినది. తల్లిదండ్రులు దీనినుండి నేర్వవలసినది ఒకటే: రోగము తెలిసి, సరియైన మందు మొదలైన పిమ్మట బిడ్డను ఇంటినుండి వెడలగొట్టుటవలన ఇంటికి లాభము లేదు, బిడ్డకు మాత్రము నష్టము కలదు.

సోకునది ఎట్లు?

ఊపిరితిత్తుల క్షయ గాలిద్వారా సోకును. రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు, బిగ్గరగా మాటలాడినపుడు వెడలు తుంపరలలో మిక్కిలి చిన్నవి ఆరిపోయి గాలిలో గంటలకొలది తేలుచుండును. వాటిని పీల్చినవారికి క్రిములు చేరవచ్చును. చేరినవారందరికి జబ్బు రాదు. నూటికి అయిదు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు వచ్చును. తక్కినవారి శరీరము క్రిములను అణచియుంచును.

కనుక కంచము, చెంబు, దుప్పటి వేరుచేయుటవలన ప్రయోజనము లేదు. అన్నము వడ్డించినను, చేయిపట్టుకొన్నను క్షయ అంటదు. వేరుచేయవలసినది కంచమును కాదు, మార్చవలసినది గాలిని. కిటికీలు, తలుపులు తెరచియుంచవలెను. తొలివారములలో రోగి గాలి ఆడు గదిలోనో, వసారాలోనో పడుకొనుట మేలు. దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టుకొనవలెను. మందులు పనిచేయు రోగియందు, వాటిని క్రమముగా తీసికొన్నచో, ఇతరులకు సోకించు శక్తి కొద్ది వారములలోనే చాలవరకు తగ్గిపోవును.

ఇంటిలోనివారందరును పరీక్ష చేయించుకొనుట అవసరము. అయిదేండ్లలోపు పిల్లలను, వృద్ధులను, మధుమేహము ఉన్నవారిని మరువరాదు. జబ్బు లేదని తేలినవారికి వైద్యుని సలహాపై నివారణ మందులు ఇత్తురు. ఒక్కొక్కప్పుడు ఏండ్లుగా దగ్గుచున్న తాతయే మూలమని ఈ పరీక్షలలో బయటపడవచ్చును. ఇది నింద వేయుటకు కాదు, అతనికిని చికిత్స చేయుటకు.

ఆరు నెలలు ఎందుకు?

విద్యార్థులు లెక్క వేసి చూడదగిన విషయమిది. క్షయవలన ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక గుల్లలో సుమారు పదికోట్ల క్రిములు ఉండవచ్చును. వాటిలో ఐసోనియజిడ్‌కు లొంగనిది సహజముగనే ఇంచుమించు పదిలక్షలకు ఒకటి ఉండును. అనగా ఆ మందు ఒక్కటే ఇచ్చినచో నూరు క్రిములు మిగిలి, మరల పెరిగి, ఊపిరితిత్తిని ఆక్రమించును. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పదికోట్లకు ఒకటి. రెండింటికిని ఒకేసారి లొంగని క్రిమి కావలెనన్న ఈ రెండు సంఖ్యలను గుణింపవలెను. అది కోటి కోట్లకు ఒకటి. అన్ని క్రిములు ఒక రోగియందు ఉండవు. మందులు కలిపి ఇచ్చుటలోని రహస్యమిదియే.

మామూలు క్షయకు మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అను నాలుగు మందులను, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప తక్కిన మూటిని ప్రతిదినము, బరువునుబట్టి ఇత్తురు. చురుకుగా పెరుగు క్రిములు తొలిదినములలోనే చచ్చును. కాని కొన్ని నిద్రాణస్థితిలో ఉండును. అవి మేలుకొన్నపుడే మందునకు చిక్కును. వాటికొరకే మిగిలిన నెలలు.

అపాయమంతయు ఇచ్చటనే ఉన్నది. రెండవ నెలలో దగ్గు తగ్గును, జ్వరము పోవును, ఒంటికి కండ పట్టును. “నయమైంది గదా, మళ్ళ గోలీలెందుకు?” అని బిడ్డ అడుగును, ఇంటివారును సరేయందురు. చికిత్స నడుమ మానినచో జబ్బు తిరుగబెట్టుటయే కాక, మందులకు లొంగని క్షయ పుట్టవచ్చును. దానికిని నేడు చికిత్స కలదు. 2024లో మన దేశము ఆమోదించిన క్రొత్త మందుల కూర్పుతో, తగినవారికి, సాధారణముగా ఆరునెలలలోనే అది ముగియును. కాని అది మరింత కఠినమైన బాట. మొదటి బాటనే చివరివరకు నడచుట వివేకము.

తల్లిదండ్రుల పాత్ర

మొదటిది, జబ్బును నిర్ధారణ చేసికొనుట. ఎక్స్‌రేలో నీడ కనబడిన మాత్రమున అది క్షయ కాదు. రాతిధూళివలన వచ్చు సిలికోసిస్ మొదలైనవియు నీడలు చూపును. రెండువారములకు మించిన దగ్గు ఉన్నచో కఫపరీక్ష చేయించవలెను. క్రిమి ఉన్నదా అనుటయే కాక, అది రిఫాంపిసిన్‌కు లొంగునా అనుట కూడ నేటి యంత్రములు కొద్ది గంటలలో చెప్పగలవు. ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షలు, మందులు ఉచితము. మధుమేహమునకు, హెచ్.ఐ.వి.కి కూడ పరీక్ష చేయుదురు.

రెండవది, రోగి పెద్దవాడని గుర్తించుట. వైద్యునివద్ద తండ్రి మాటలాడి, బిడ్డ మౌనముగా కూర్చున్నచో, బిడ్డ త్రాగుడు, పొగాకు, మానివేసిన మాత్రలు మొదలైన సంగతులు బయటికి రావు. “బిడ్డా, డాక్టరుతోని నువ్వే మాట్లాడు, నేను పక్కన కూసుంట” అనుట తగిన పద్ధతి. మాత్రలు లెక్కించు కావలివానివలె కాక, ఒక నిర్ణీత వేళకు, ఉదయము టీ త్రాగు వేళకో, జ్ఞాపకము చేయు తోడువలె ఉండవలెను.

మూడవది, మందుల వికారములను ఎరిగియుండుట. రిఫాంపిసిన్‌వలన మూత్రము నారింజరంగు అగును. దానికి భయము వలదు. కాని వాంతులు ఆగకున్నను, కన్నులు పచ్చబడినను, చూపు మందగించినను, చేతులు కాళ్ళు తిమ్మిరియెక్కినను ఆనాడే వైద్యునికి తెలుపవలెను. ఇంటివారు తమంతట తాము మందు మాన్పించరాదు.

నాలుగవది, కుమార్తె విషయము. కోడలికి క్షయ వచ్చినదని పుట్టింటికి పంపివేయు కుటుంబములు కలవు. పుట్టింటివారు ఆదరించుట మంచిదే. కాని ‘నయమైన తరువాతనే రమ్ము’ అను మాటకు శాస్త్రము అండ లేదు. వియ్యాలవారికి మదరాసు పరీక్ష ఫలితమును చెప్పగలవారు ఊరిలో ఉపాధ్యాయులే.

ఆహారము

మదరాసు పరీక్ష తిండి అక్కరలేదని చెప్పలేదు. మందు లేక తిండి చాలదని చెప్పినది. తిండి విలువను ఝార్ఖండ్ రాష్ట్రములో 2019 మొదలు 2022 వరకు జరిగిన పరిశోధన చూపినది. రోగి కుటుంబసభ్యులకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, వాటితోపాటు విటమిన్లు ఇయ్యగా, వారిలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గెను. తొలి రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణములును తక్కువ. మన ప్రాంతపు జొన్నరొట్టె, కందిపప్పు, ఆకుకూర, పల్లీలు, వీలైనచో గ్రుడ్డు, పాలు ఇందుకు చాలును. ఖరీదైన డబ్బాపొడులు కొననక్కరలేదు. రోగుల ఆహారమునకై కేంద్రప్రభుత్వము 2018 ఏప్రిలునుండి నెలకు 500 రూపాయలు ఇయ్యసాగెను. 2024 నవంబరునుండి అది 1000 రూపాయలైనది. ఈ సొమ్ము రోగి బ్యాంకు ఖాతాలో చేరును. దానిని అడిగి పొందుటలో చిన్నతనము లేదు.

మనస్సునకు పథ్యము

తల్లిదండ్రులు తమ్ము తాము నిందించుకొందురు: ‘పట్నమునకు పంపకుండినచో బాగుండును’ అని. క్రిమి పట్నములోనే కాదు, పల్లెలోను ఉన్నది. ఇంకొందరు రాత్రింబవళ్ళు దగ్గును లెక్కించుచు తాము నిద్రాహారములు మానుదురు. ఆరు నెలల పనికి ఆరు నెలల ఓపిక కావలెను; మొదటివారములోనే దానిని ఖర్చుచేయరాదు. నెలకొకసారి బరువు వ్రాసికొనుట, కఫపరీక్ష తేదీని గోడమీద గుర్తుపెట్టుట వంటి చిన్నపనులు కలవరపడు మనస్సునకు ఆధారమిచ్చును. నిజమును మరుగుపరచుటయు తగదు. చికిత్స ముగిసినను కొందరికి ఊపిరితిత్తులలో మచ్చలు, పనిచేయునపుడు ఆయాసము మిగులును. వారికి మరల వైద్యసలహా అవసరము. ఆలస్యముగా వచ్చిన కొందరిని మందులు కాపాడలేకపోవుటయు కలదు. కనుకనే తొందరగా పరీక్ష, తుదివరకు చికిత్స.

ఉపాధ్యాయులు తరగతిలో రెండు విషయములు చెప్పినను చాలును: క్షయ కంచమునుండి రాదు, మూసిన గదిలోని గాలినుండి వచ్చును, దగ్గు తగ్గుట చికిత్స ముగియుట కాదు. విద్యార్థి ఈ రెండు మాటలను ఇంటికి మోసికొనిపోయినచో, ఏ వసారాలోనో విడిగా కూర్చుండి తినుచున్న ఒక అన్న, ఒక అక్క, తిరిగి అందరి పంక్తిలోనికి వచ్చును.