తోటలోని పక్షులు: ఛాయాచిత్రము చెప్పు సాక్ష్యము

వరి వెన్ను పాలుపోసికొను దినములలో చేనిపై వ్రాలు గిజిగాడు పిట్టలను చూచి కడుపు మండని రైతుండడు. వడిసెల చేతబట్టుట సహజమే. కాని తీర్పు చెప్పుటకు ముందు సాక్ష్యమును విచారింపవలయును. ఆ సాక్ష్యమును కెమెరాతో మన తోటలోనే సంపాదింపవచ్చును. పిట్ట దగ్గరకు వచ్చినచో సెల్‌ఫోనైనను చాలును.

కోనసీమవంటి సముద్రతీరపు తోటలలో ఈ పిట్టలు వర్షకాలమున కొబ్బరి, తాటి మట్టలకును, నూతిపైకి వంగిన కొమ్మలకును గూళ్లల్లును. మగపిట్ట గూడు సగమల్లిన పిమ్మట ఆడుపిట్ట వచ్చి పరీక్షించి, నచ్చినచో అందు కాపురముండును. పెద్దపిట్టలు ధాన్యము తినుట నిజమే. కాని పిల్లలకు గొంగళిపురుగులను, మిడుతలను తెచ్చి పెట్టును. ముక్కున పురుగుతో గూడు చేరు తల్లిపిట్ట చిత్రమొక్కటి సంఘ సమావేశమున చూపినచో గంటసేపు చెప్పిన ఉపన్యాసముకన్న మేలు.

చిత్రము తీయుటకు ఉదయకాలము మంచిది. సూర్యుడు మన వీపువైపు నుండవలయును. కొబ్బరాకు తడిక చాటున కదలక కూర్చుండవలయును. నీళ్లమూకుడు ప్రక్కన ఎండుకొమ్మ నొకదానిని పాతినచో పిట్ట ముందుగా దానిపైననే వ్రాలును. కనుక కెమెరాను ఆ కొమ్మకే సరిచూచి యుంచవలెను. ఎగురు పిట్టకు సెకండులో 1000వ వంతు కాలము పెట్టవలయును. ఉప్పుగాలికి అద్దము మసకబారును. పని ముగిసినంతనే మెత్తని పొడిగుడ్డతో తుడిచి, తేమ చేరని పెట్టెలో భద్రపరుపుడు.

గూడు కనబడుటకై ఆకులు నరుకరాదు. అట్లు చేసినచో పిల్లలు ఎండకును, కాకులకును బలియగును. మనలను చూచి తల్లి గూటికి రాకున్నచో వెంటనే దూరముగ తొలగవలయును.

గిజిగాడే కాదు, పశువుల వీపుపై కూర్చుండి పురుగులను పట్టు పసులపోలిగానిని, నాగలి వెంట నడచు కొంగను, రాత్రివేళ ఎలుకలను వేటాడు గుడ్లగూబను గమనింపుడు. జామకాయలను కొరికి పారవేయు రామచిలుక చిత్రమును సయితము దాచవలదు. ప్రతి చిత్రము క్రింద తేది, స్థలము, పిట్ట పేరు, ముక్కున నున్న వస్తువు వ్రాసి యుంచుడు. పంట పాలుపోసికొను దినములలో మంచెపైనుండి కేకలువేసి పిట్టలను తోలుడు. గూళ్లను మాత్రము పడగొట్టకుడు. జమ, ఖర్చు రెండును చూచినగాని లెక్క తేలదని సహకార సంఘ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.