మీకు తెలుసా? దుర్గ రైలు చూడనే లేదు!

‘పథేర్ పాంచాలి’ సినిమా అనగానే రెల్లు పూల మధ్య పరుగెత్తే అక్కాతమ్ముళ్లు, ఆకాశాన్ని మసిబార్చే రైలు పొగ గుర్తుకొస్తాయి. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవలలో (1929) మాత్రం అక్క దుర్గకు రైలు చూసే భాగ్యం దక్కదు. రైలు పట్టాలు వెతుక్కుంటూ తమ్ముడు అపుతో బయల్దేరి, దారి తప్పి తిరిగొస్తుంది. జ్వరంలో పడుకుని కూడా, తగ్గాక రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణే అడుగుతుంది. చదివినవాళ్లకు తీరని ఆ కోరిక గుండెలో ముల్లులా ఉండిపోతుంది.

1955 నాటి సినిమాలో సత్యజిత్ రాయ్ ఆమెకు రైలు చూపించాడు. ఆ సన్నివేశం కొంత తీసి, మిగతాదానికి వారం తర్వాత వెళ్తే రెల్లంతా పశువులు మేసేశాయి! మళ్లీ పూత వచ్చేదాకా ఏడాది ఆగాల్సి వచ్చింది. సినిమా అద్భుతమే. అయినా నాకు ఎక్కువ బాధ కలిగించేది నవలలోని దుర్గే.