అంబలి దిగని జబ్బు – గాలిబుడగ చికిత్స

చోడి అంబలి మ్రింగుటకు ఎవ్వరును ప్రయాసపడరు. పండ్లు లేని ముదుసలి కూడ దానిని త్రాగును. అట్టి అంబలి రొమ్ములో నిలిచిపోవుచున్నదని అరకు లోయలో ఎవరైనను చెప్పినచో, ఆ మాటను తేలికగా తీసివేయరాదని మా మనవి.

అన్నవాహిక అడుగున ఒక కండరపు కట్టు కలదు. ముద్ద వచ్చినపుడు విడుచుట, పిదప బిగియుట దాని పని. అచ్చటి నరకణములు నశించినచో కట్టు విడువదు. పై గొట్టము ముద్దను నెట్టు శక్తిని గూడ కోల్పోవును. దీనినే అకలేషియా యందురు. ఏటా లక్షమందిలో సుమారు ఒక్కరికి మాత్రమే క్రొత్తగా వచ్చు జబ్బగుటచే పోల్చుకొనుట ఆలస్యమగును. రోగి చిక్కిపోవును, రాత్రి పరుండగా మ్రింగినది పైకి వచ్చి దగ్గు పుట్టించును. చిక్కుటయు దగ్గును జూచి క్షయ యని భ్రమపడుట సులభము. ముందుగా ఊరి దిసారిని అడుగువారును ఉందురు. అడుగవచ్చును, నెలలు మాత్రము గడపరాదు.

పుట్టకురుపైనచో సాధారణముగా మొదట అన్నము, తరువాత నీరు అడ్డుపడును. ఇందు రెండును మొదటినుండియు అడ్డుపడుట తఱచు. ఐనను ఇంట కూర్చుండి నిర్ణయింపరాదు. గొట్టముతో లోపల చూడవలసినదే. బేరియము త్రాగించి ఎక్స్‌రే తీసినచో అన్నవాహిక కొస పిట్టముక్కువలె సన్నగా కనబడును. మ్రింగునప్పటి ఒత్తిడిని కొలుచు పరీక్షతో రోగము నిశ్చయమగును.

1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు, తిమింగిలపు నోటినుండి తీసిన పుల్లకు స్పంజి గట్టి, రోగి చేతనే అన్నము క్రిందికి త్రోయించెనట! నేటి గాలిబుడగ ఆ పుల్లకు మనుమడే. ముడిచిన బుడగను నోటిగుండ కట్టువఱకు దింపి గాలి నింపుదురు. మొదట అది డమరుకమువలె నడుము సన్నమై ఎక్స్‌రేలో అగుపడును. ఆ నడుము చెరగినచో కట్టు సడలినదన్నమాట. వెడల్పు మొదట 3 సెంటీమీటర్లు. చాలనిచో మఱియొకనాడు 3.5. నశించిన నరములు తిరిగి రావు. దారి మాత్రము తెరచుకొనును.

1913లో హెల్లర్ కనిపెట్టిన శస్త్రచికిత్సయు కలదు. 2011లో ప్రకటితమైన ఐరోపా పరిశీలనలో, రెండేండ్ల పిదప బుడగ నూటికి 86 మందికి, కోత 90 మందికి గుణమిచ్చెను. ఇది పెద్ద భేదము కాదు. నోటిగుండనే కండరమును కోయు పద్ధతిని జపానులో ఇనౌయె 2008లో మొదలిడగా, హైదరాబాదులోను అది విరివిగా జరుగుచున్నది.

బుడగతో ఒక ప్రమాదము కలదు. నూటికి ఒకరిద్దరిలో అన్నవాహిక చిరుగును. చికిత్స తరువాత రొమ్మునొప్పి తగ్గకున్నను, జ్వరము గాని ఆయాసము గాని వచ్చినను గంటలలో ఆసుపత్రి చేరవలెను. అరకునుండి విశాఖపట్టణము నూరు కిలోమీటర్లకు పైబడిన ఘాటుదారి. కావున చికిత్స ముగియగనే సాయంకాలపు బస్సు ఎక్కరాదు. ఆ రాత్రి పట్టణముననే ఉండవలెను. తోడు వచ్చినవారి భోజనమునకు, బసకు డబ్బు ముందే చూచుకొనవలెను. కొన్నేండ్లకు కట్టు మరల బిగియవచ్చును గనుక పాత ఎక్స్‌రే ఫిలుములను పారవేయక, వానకు తడియకుండ దాచి, మరల పోవునపుడు వెంట గొనిపోవలెను.